నీళ్లడిగే తిమ్మక్క

ఎమ్మిగనూరు బస్సు దిగిన తిమ్మక్క, ఆదోని బస్టాండు గోడవారన ఎవరో నిలబెట్టిన మోటారు సైకిలు అద్దంలోకి వంగి, నొసట బొట్టుబిళ్ళ అంటించుకుంది. చేతిసంచిలోంచి అరడజను గాజులు తీసి ఎక్కించుకుంది. అటూ ఇటూ చూసింది. చూసేవాళ్లెవరూ లేరు. ఉన్నా ఆమెను పట్టించుకోరు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, చామనఛాయ, వెలిసీ వెలియని నేత చీర, నూనె పెట్టి బిగించిన ముడి. ఇట్లాంటి ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకుని ప్రతి బస్సులోంచీ పదిమంది దిగుతారు. ఎదురుగా నిలబడి మాట్లాడినవాడు కూడా సాయంత్రానికి ఆ ముఖం గుర్తు తెచ్చుకోలేడు. ఎనిమిదేళ్ల కింద ఆమెకు ఉద్యోగం దొరికింది ఆ ముఖం వల్లనే.

ఉద్యోగమంటే చెప్పుకోదగ్గదేమీ కాదు. బట్టల బజారు వర్తక సంఘం వచ్చేపోయేవాళ్లను అనుమానించడానికి ఆమెను పెట్టుకుంది.

ఆ బజారు సంగతి కొంచెం చెప్పాలి. నూటపది అంగళ్లున్న వీధి అది. కృష్ణగిరి నుంచి, హొళగుంద నుంచి, మంత్రాలయం అవతల నుంచి కూడా పెళ్ళిబట్టలకు అక్కడికే వస్తారు. పొద్దున్నే దుమ్ము లేవకుండా నీళ్లు చల్లించేది సంఘం. ఆటోలను ఒక పక్కకు నిలబెట్టించేది సంఘం. ఆడవాళ్లకు మరుగుదొడ్డి కట్టించి, దానికి గొళ్లెం ఉండేటట్టు చూసేదీ సంఘమే. ఇక చీరల దొంగతనం. నలుగురు ఆడవాళ్లు గుంపుగా వచ్చి, ఏభై చీరలు విప్పించి, ఒక్కటీ నచ్చలేదని లేచిపోతారు. మడతలు పెట్టేటప్పుడు లెక్కకు నలభై తొమ్మిదే ఉంటాయి. ఆడమనిషి మీద అంగడివాడు చెయ్యి వేయలేడు. వేస్తే వీధి వీధంతా కూలుతుంది. సంఘం అధ్యక్షుడు కాశప్ప ఒక మాట ఎప్పుడూ అంటుంటాడు: ఒక ఆడదాన్ని రోడ్డుమీద నిలబెట్టిన బజారుకు రెండో ఆడది రాదు.

అందుకని ఆయన పద్ధతి ఒకటి పెట్టాడు. తిమ్మక్క కొనేదానిలాగా అంగడంగడీ తిరుగుతుంది. ఎవరిమీదనైనా అనుమానం తగిలితే అరవదు, ముట్టుకోదు. అంగడాయన దగ్గరికి పోయి నీళ్లడుగుతుంది, అంతే. అంగడాయన ఆ మనిషితో మర్యాదగా, పైన సంఘం ఆఫీసులో బహుమతి కూపన్లిస్తున్నారమ్మా, తీసుకుని పో, అంటాడు. మెట్లెక్కితే పరదా వెనక గాజుల అంగడి ఎల్లమ్మ ఉంటుంది. చీర దొరికితే తీసుకుని, పేరు కూడా అడక్కుండా వెనక మెట్ల మీదుగా పంపించేస్తారు. కొట్టడం లేదు, పోలీసులు లేరు. దొరక్కపోతే నిజంగానే ఒక కూపను చేతిలో పెడతారు. ఆ బజారు అంత కళకళలాడటానికి ఈ గుట్టు కూడా ఒక కారణం.

దీనివల్ల తిమ్మక్కకు వచ్చిన కష్టం ఒక్కటే. ఆదోని ఎండలో పగలంతా తిరిగినా, దాహమైతే ఏ అంగట్లోనూ నీళ్లడిగేందుకు లేదు. బజారు చివర చలివేంద్రం దాకా నడిచిపోవాలి.

గాజులు, బొట్టు పెట్టుకోమన్నదీ కాశప్పే. ఆమె భర్త మగ్గం మీదనే గుండె ఆగి పోయి పన్నెండేళ్లు. బోడి నుదురుతో పెళ్ళిచీరలు బేరమాడితే నలుగురి కళ్లూ పడతాయని ఆయన అనుమానం. నాకంటే అనుమానపు మనిషివి నువ్వేనప్పా అని తిమ్మక్క లోపల అనుకుంది గానీ పెట్టుకుంది. ఎమ్మిగనూరులో మాత్రం ఆఫీసులో కసువూడ్చే పని అని చెప్పింది.

ఆవేళ మాఘమాసం, ముహూర్తాల రోజులు. అంగడి తీస్తూనే కాశప్ప ఆమెను పిలిచాడు. సంఘం వాళ్లు ఆదివారం కూర్చున్నారట. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా కెమెరాలు పెట్టాలని తీర్మానమట. నాలుగు నెలలుగా తిమ్మక్క ఒక్కరినీ పట్టలేదని ఎవరో అన్నారట.

"నేనొక్కణ్ణే నీ పక్క మాట్లాడ్తాండా తిమ్మక్కా," అన్నాడు గంధం పెట్టుకుంటూ. "ఈ వారంలో ఒక్కదాన్నన్నా సూపీ. లేకుంటే నా మాట సెల్లదు."

దొంగలు లేకపోతే ఎక్కడినుంచి తెచ్చేది? తను తిరుగుతోంది గనుకనే దొంగలు రావడం లేదని ఒక్కడికీ తోచదా? అయినా ఈయన నిజంగానే తన పక్క మాట్లాడాడా, లేక కెమెరాల వాడు ఈయన అల్లుడికి తెలిసినవాడా? ఇట్లా అనుకుంటూ ఆమె ఎండలోకి దిగింది. కాశప్పకు అల్లుడే లేడని ఆమెకు తెలుసు. తెలిసినా అనుమానం అనుమానమే.

ఉద్యోగం పోతే తిండికి లోటు రాదు. కొడుకు ఎర్రిస్వామి ఆటో తోలుతాడు. ఆమె భయం తిండి గురించి కాదు, పగలంతా ఇంట్లో కూర్చోవలసి రావడం గురించి. రెండేళ్ల కింద తన వెండి కడియాలు కనబడకపోతే తిమ్మక్క కోడలు శిరీషను అనుమానించి, ఆమె ట్రంకుపెట్టె తెరిచి, అడుగుదాకా వెతికింది. కడియాలు జొన్నల డబ్బాలో దొరికాయి, తనే దాచి మరచిపోయింది.  అప్పటినుంచి శిరీష గడప దాటేటప్పుడల్లా తన సంచి తెరిచి అత్త ముందు పెడుతుంది. "సూసుకో అత్తా," అంటుంది, నిలబడుతుంది, పోతుంది. పుట్టింటికి పోయినా అంతే, కూరగాయలకు పోయినా అంతే. ఆ సంచి ముఖం రోజుకు నాలుగుసార్లు చూడటం కంటే బజారులో ఎండకు మాడటం నయమని తిమ్మక్కకు అనిపించేది.

అంగళ్లలో ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు. తిమ్మక్క చూపు ముఖాలమీదికి పోదు. మోచేతులు చూస్తుంది, నడుము మడతలు చూస్తుంది, లేచేటప్పుడు ఏ చెయ్యి ముందు కదులుతుందో చూస్తుంది. ఈ విద్య ఆమెకు ఒకరు నేర్పింది కాదు. పదహారో ఏట ఆదోనిలోనే పత్తి మిల్లులో చేరింది. సాయంత్రం గేటు దగ్గర ఆడవాళ్లంతా వరసలో నిలబడాలి. అక్కడొక లావుపాటి ఆడమనిషి ఉండేది. "దులుపు," అనేది. ఒక్కొక్కరూ ఒడి విప్పి, దులిపి, పైట దులిపి పోవాలి. దూది ఎక్కడ దాస్తారో ఆమెకు అన్నీ తెలుసు. అయితే ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఎర్రిస్వామి పుట్టినప్పుడు వాడికొక తలగడ కోసం తిమ్మక్క పద్నాలుగు రోజులు రోజుకింత దూది తెచ్చింది. దొరకలేదు. ఎట్లా తెచ్చిందో మొగుడికి కూడా చెప్పలేదు. కాశప్ప మొదటిసారి పనికి పిలిచినప్పుడు, దొంగల్ని పట్టడం నీకు వస్తుందా అంటే, మిల్లులో పని చేసినానప్పా అని మాత్రం చెప్పింది.

పదకొండు గంటలకు హుసేనప్ప అంగట్లో ఆ మనిషి కనిపించింది.

హుసేనప్పది కట్‌పీసులు, పిల్లల బట్టల అంగడి. వాకిట్లో ఇరవై ఐదు ఇరవై ఆరేళ్ల పిల్ల నిలబడి ఉంది. ఆకుపచ్చ చీర. ముఖానికి నిండా పసుపు, నుదుట పెద్ద కుంకుమ. ఎడమ పక్క, బొడ్డుకు పైన, ఉబ్బెత్తుగా ఒక మూట. పైట ముందుకు లాక్కుని దానిమీద కప్పుకుంది. ఒక చెయ్యి అక్కణ్ణించి తీయడం లేదు. కూర్చోమ్మా అని హుసేనప్ప రెండుసార్లు అన్నాడు, కూర్చోలేదు. కిందపడిన చొక్కా తీయడానికి వంగలేదు, కాలితో జరిపింది. నిమిషానికోసారి రోడ్డువైపు చూస్తోంది.

తిమ్మక్క రెండడుగులు దగ్గరికి జరిగింది. దొంగకు ఉండవలసిన గుర్తులన్నీ ఒక్కచోటే దొరికాయి. నాలుగు నెలల కరువు తీరినట్టే. ముఖాన ఆ పసుపు ఎందుకంత దట్టంగా ఉందని ఒక క్షణం అనిపించకపోలేదు. వెంటనే తన నుదుటి బొట్టుబిళ్ళ గుర్తొచ్చింది. నేను పెట్టుకోలేదా, ఇదీ అంతే, అనుకుంది.

"నీళ్లుండాయా అన్నా?" అంది.

హుసేనప్ప కళ్లు చిన్నవి చేసి ఆ పిల్లను చూశాడు. కూపన్ల మాట చెప్పాడు. ఆ పిల్ల వద్దంది. బస్సుంది, పోవాల అంది. ఊరికే కూపనమ్మా, రెండు నిమిషాలు, అన్నాడు. మెట్లెక్కలేనన్నా అంది ఆ పిల్ల, చూస్తున్న చొక్కా అక్కడే పెట్టేసి వాకిలి దాటింది. బహుమతి ఊరికే ఇస్తామంటే వద్దనే ఆడది ఉంటుందా? తిమ్మక్కకు ఇంక సందేహమే లేకుండా పోయింది. ఆ పిల్ల నాలుగడుగులు వేస్తే జనంలో కలిసిపోతుంది. దానితోపాటు తన ఉద్యోగమూ పోతుంది. ఎనిమిదేళ్లలో ఎన్నడూ చేయని పని అప్పుడు చేసింది. అడ్డం పోయి నిలబడింది. పైట పక్కకు తోసి, ఆ ముడిమీద చెయ్యి వేసింది.

"దులుపు," అంది.

ఆ మాట తన నోట్లోంచి ఆ గొంతుతో వస్తుందని ఆమె అనుకోలేదు. ఆ పిల్ల రెండు చేతులూ అడ్డం పెట్టింది. తిమ్మక్క లాగింది. ముడి ఊడింది.

చీర రాలేదు. బియ్యం రాలాయి. పసుపు కలిపిన బియ్యం, జలజలా మెట్లమీదా, కాలవ పక్కనా, జనం చెప్పుల మధ్యనా. పసుపుకొమ్ములు పడ్డాయి, వక్కలు పడ్డాయి. ఎండుకొబ్బరి గిన్నె దొర్లుకుంటూ పోయి ఆటో చక్రానికి తగిలి ఆగింది. అన్నిటికంటే చివర ఒక రవిక గుడ్డ జారింది.

ఒడిబియ్యం. పుట్టింటివాళ్లు ఆడపిల్ల ఒడిలో పోసి కట్టి పంపే బియ్యం. అత్తగారి గడప దాటేదాకా విప్పకూడదు, దించకూడదు, ఆ ఒడితో ఎక్కడా కూర్చోకూడదు, ఒకరింటి మెట్లెక్కకూడదు. ఈ కాలంలో అందరూ వాకిలి దాటగానే సంచిలోకి పోసుకుని బస్సెక్కుతున్నారు. ఇంకా నడుముకు కట్టుకుని పోయే పిల్ల ఒకతె ఉంటుందని తిమ్మక్కకు తట్టలేదు. తన ఒడి నింపి ముప్పై ఏళ్లు దాటింది. ఆ బరువు ఎట్లా ఉంటుందో కూడా మరిచిపోయింది.

వీధి మొత్తం ఆగిపోయింది. ఆ పిల్ల ఏడవలేదు, తిట్టలేదు. రోడ్డుమీద గొంతుక్కూర్చుని బియ్యం దగ్గరికి చేర్చసాగింది. మట్టి, బియ్యం కలిసి వస్తున్నాయి. కాసేపటికి చేతులు ఆపి తలెత్తింది.

"అడిగింటే సెప్పేదాన్ని కదమ్మా," అంది.

 చెంపమీద కొట్టి ఉంటే బాగుండేదని తిమ్మక్కకు అనిపించింది. నలుగురైదుగురు ఫోన్లు పైకెత్తారు. అప్పటికి కాశప్ప పరుగెత్తుకొచ్చాడు. లావుపాటి మనిషి, చెప్పులు కూడా లేవు. ఫోన్లు దించమని చేతులు జోడించాడు. ఆ పిల్ల పేరడిగాడు. మల్లేశ్వరి. పుట్టిల్లు దేవరగట్టు పక్క పల్లె, అత్తగారిల్లు కృష్ణగిరి. భర్తకూ అన్నకూ మాటలు లేక నాలుగేళ్లు పుట్టింటి ముఖం చూడలేదు. మొన్న అన్నే వచ్చి పిలుచుకుపోయాడు. తల్లి లేదు, వదిన ఒడి నింపింది. ఇది కిందపడిందని తెలిస్తే, మీ అన్న మనసు పెట్టి పోయలేదని అత్త అంటుంది. మళ్లీ ఎన్నేళ్లో. ఇంత సంగతీ మల్లేశ్వరి అంగళ్లవాళ్ల వైపు చూడకుండా, బియ్యం వైపు చూస్తూ చెప్పింది.

కాశప్ప కొంతసేపు గడ్డం గోక్కున్నాడు. ఆ తర్వాత ఆయన చేసింది ఆ బజారులో ఇంకా చెప్పుకుంటారు. కిందపడినవి ఎత్తకూడదు తల్లీ అన్నాడు. వెనక వీధి నుంచి సోనామసూరి బస్తా తెప్పించాడు. వీధిలో ప్రతి అంగడీ ఒక పిడికెడు పోయాలన్నాడు. పైన ఆఫీసులో చాప వేయించి, తూర్పుముఖంగా మల్లేశ్వరిని నిలబెట్టాడు. తిరిగి నింపేదాకా ఒడి ఖాళీయే కదా, ఇప్పుడు మెట్లెక్కొచ్చు, అని ఎల్లమ్మ చెబితేగానీ ఆ పిల్ల కదలలేదు. మీ అన్నకు నేనే ఫోన్ చేస్తా, తప్పు మాది, ఈ బజారు కూడా నీ పుట్టిల్లే అనుకో, అన్నాడు కాశప్ప.

తిమ్మక్క గోడకానుకుని ఇదంతా చూసింది. ఫోన్లలో ఎక్కిన బొమ్మకు భయపడి కాదా ఈ మర్యాద, అనుకుంది. వీధి పేరు కోసమే. అయితే కాశప్ప కళ్లలో నీళ్లున్నాయి. అవి ఎందుకున్నాయో ఆమెకు లెక్క తేలలేదు.

ఎల్లమ్మ ఐదుగురు ముత్తైదువలను పోగుచేసింది. అంగళ్లలో పనిచేసే ఆడపిల్లలు ముగ్గురు, కాశప్ప భార్య, తను. చేటలో బియ్యం పసుపు కలుపుతూ తలెత్తి తిమ్మక్కను పిలిచింది. ఎల్లమ్మకు కోపమొచ్చి ఉంది, అయినా న్యాయం తప్పదు. "తప్పు నీ సేతిదే. పెద్దదానివి. మొదటి దోసిలి నువ్వే పొయ్, పాపం పోతుంది."

 అందరూ తిమ్మక్కను చూస్తున్నారు. ఎనిమిదేళ్లు ప్రతి దసరాకు ఎల్లమ్మ పిలిచి కూర్చోబెట్టి, పసుపు కుంకుమ ఇచ్చి, వాయనం ఇచ్చింది. తిమ్మక్క తీసుకుంది. ఇప్పుడు కూడా పోసేయవచ్చు. కాశప్ప తప్ప ఎవరికీ తెలియదు, ఆయన చెప్పడు. దోసిలి ముందుకు చాచబోయి, మల్లేశ్వరి చీర కొంగు చూసింది. ఖాళీగా, రెండు చేతుల్లో, చాచి ఉంది.

తిమ్మక్క నుదుటి బొట్టుబిళ్ళ గోటితో లాగేసింది.

"నేను పొయ్యకూడదు తల్లీ. నా మొగుడు పోయి పన్నెండేండ్లాయ."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నది ఎవరో చివరికి అందరికీ తెలిసింది. ఆ రోజు ఆ వీధిలో దొరికిన దొంగ సొత్తు ఆ బొట్టుబిళ్ళ ఒక్కటే. ఎల్లమ్మ చేతిలో చేట వంగింది. ఆమె ముఖం చూడలేక తిమ్మక్క కిటికీ వైపు తిరిగి బల్లమీద కూర్చుంది. నేనే పెట్టుకోమన్నాను, తప్పు నాదే, అని కాశప్ప గట్టిగానే చెప్పాడు.  తన దసరాలు ఎనిమిది ఒక్కొక్కటే తలచుకుంటున్నట్టు ఎల్లమ్మ పెదవులు కదిలాయి. తర్వాత, మిగిలిన వాళ్లతో కలిసి ఐదు దోసిళ్లు పోసింది. కొత్త కొబ్బరి గిన్నె, పసుపుకొమ్ములు, హుసేనప్ప ఇచ్చిన రవిక గుడ్డ. అది ఎర్రటి అంచు గుడ్డ, పాతదానికంటే మంచిది. అంగళ్లవాళ్లంతా వచ్చి తలా ఒక పిడికెడు పోశారు. ఇంత బరువు మోయలేనని మల్లేశ్వరి మొదటిసారి నవ్వింది.

ఆ నవ్వు చూసి తిమ్మక్కకు కూడా కొంచెం ఊపిరి ఆడింది. అంతలోనే తన కళ్లు ఎక్కడున్నాయో గమనించుకుంది. ఆ పిల్ల కుడివైపు నడుము మీద ఉన్నాయి. ఇన్ని జరిగాక కూడా, అటువైపు మడతలో ఏమైనా ఉందా అని చూస్తున్నాయి. థూ, నా బతుకు, అనుకుంది. ఎవరి మీదా రానంత అసహ్యం తన మీద తనకు కలిగింది.

కృష్ణగిరి బస్సు వరకు మల్లేశ్వరిని తన బండిలో దింపి వస్తానన్నాడు హుసేనప్ప. ఒడితో బండిమీద కూర్చోకూడదని ఎల్లమ్మ గదిమింది. బస్సులోనూ నిలబడే పోవాల అంది. చివరికి నడిచే పోదామని ఆడవాళ్లంతా బయలుదేరారు. గడప దగ్గర మల్లేశ్వరి ఆగింది. ఒడిలోంచి గుప్పెడు బియ్యం తీసి, పాత కాగితంలో మడిచి, తిమ్మక్క కూర్చున్న బల్లమీద ఆమె పక్కన పెట్టింది.

"మా పక్క, ఒడి నింపిన ఇంట్ల గుప్పెడు ఇడిసిపోతాం," అంది. "పుట్టింట్ల తక్కువ కాకూడదని."

ఇన్ని అంగళ్లవాళ్లుంటే తనకెందుకు? తిమ్మక్క ఆ పిల్ల ముఖంలోకి చూసింది. మోచేతులు కాదు, నడుము కాదు, ముఖం. ఎగతాళి ఉందేమో వెతికింది. శాపం ఉందేమో వెతికింది. ఏమీ కనబడలేదు. ఏమీ లేదంటే నమ్మడం ఆమెకు చేతకాలేదు. మల్లేశ్వరి మెట్లు దిగి వెళ్లిపోయింది.

గది ఖాళీ అయ్యాక కాశప్ప వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. కెమెరాలు ఎట్లాగూ వస్తాయన్నాడు. చలివేంద్రం దగ్గర మనిషి కావాలి, రేపటినుంచి ఆడ కూర్చో, బొట్టూ గాజులూ అక్కర్లేదు, ఎవరినీ చూడనక్కర్లేదు, వచ్చినవాళ్లకు నీళ్లు పోస్తే చాలు, అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. పొమ్మనలేక పొగబెట్టడం ఇట్లాగే ఉంటుందని తిమ్మక్క అనుకుంది.

"వస్తాలేప్పా," అంది.

ఆయన కిందికి పోయాక గాజులు తీసి సంచిలో వేసుకుంది. లేచి, బల్లమీది పొట్లం చేతిలోకి తీసుకుంది. తేలిగ్గా, కొంచెం వెచ్చగా ఉంది. ఎవరైనా ఒడిలో ఇంత పెట్టి ముప్పై ఏళ్లు. తీసుకుపోవాలనే అనిపించింది. వండి, శిరీషకు ఒక ముద్ద పెట్టాలని కూడా అనిపించింది, ఎందుకో తెలియదు. అలవాటు చొప్పున బొడ్డు పక్కన దోపుకుని, పైట సర్దుకుని, తలుపు దాకా వచ్చింది.

కింద వీధి మామూలైపోయింది. బేరాలు సాగుతున్నాయి. మెట్ల అడుగున, గాజుల అంగట్లో ఎల్లమ్మ అప్పుడే తిరిగొచ్చి కూర్చుని, పైకి చూస్తోంది. తిమ్మక్క తన నడుము వైపు చూసుకుంది. ఎడమ పక్క, పైట కింద, కొంచెం ఎత్తుగా కనబడుతోంది. సంఘం ఆఫీసులోంచి నడుములో ఏదో పెట్టుకుని దిగుతోందని అనుకుంటే? ఏముందది, చూపించు, అంటే? బియ్యం తల్లీ, ఆ పిల్ల ఇచ్చిందంటే, ఈ రోజు తన మాట ఎవరు నమ్ముతారు?

వెనక్కి వెళ్లి పొట్లం తీసి బల్లమీద పెట్టింది. పైట ఒకసారి విప్పి, ఎవరూ అడక్కుండానే దులుపుకుంది. మెట్లు దిగి, ఎల్లమ్మ ముందునుంచే నడిచి, బస్టాండు వైపు వెళ్లింది. మరుసటి రోజు రాలేదు. ఆ వారం రాలేదు. కాశప్ప మనిషిని పంపితే, ఇంట్లోనే ఉండాది, పనికి రానంటాది, అని శిరీష చెప్పి పంపింది. చలివేంద్రానికి వేరే ఆమెను పెట్టుకున్నారు.

ఆఫీసు ఊడ్చేవాళ్లు బల్ల తుడిచేటప్పుడు ఆ పొట్లాన్ని పక్కకు జరిపి, తుడిచి, మళ్లీ ఉన్నచోటే పెడుతున్నారు. పసుపు మరకలు పైకి తేలిన పాత కాగితం, లోపల గుప్పెడు బియ్యం, మల్లేశ్వరి మడిచిన మడత మడిచినట్టే ఉంది.